ఓహేర్ అంటే ఒక మనిషి పేరు

ఫిబ్రవరి 21 తెల్లవారుజామున నాలుగున్నరకు, షికాగోలోని ఓహేర్ విమానాశ్రయంలో దిగే ఆన్‌లైన్ విమాన సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రాం) కార్యక్రమం కోసం హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. షికాగోలో అప్పటికి ఇంకా 20వ తేదీ సాయంత్రం ఐదు. "ఆట కోసం నిద్ర పాడుచేసుకుంటావా?" అని ఇంట్లోవాళ్ళ మందలింపు. ఆ మాటకే ఈ పోస్టు.

అమ్మ మొదటిసారి అన్నయ్య దగ్గరికి వెళ్ళినప్పుడు పెట్టెకు కట్టిన ట్యాగు మీద 'ఓఆర్‌డీ' అని చూసి, "షికాగోకీ ఈ అక్షరాలకీ పొంతన ఏమిటి నాయనా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఓఆర్‌డీ అనేది షికాగో విమానాశ్రయం కోడ్, దాని పాత పేరు ఆర్చర్డ్ ఫీల్డ్ నుంచి వచ్చింది. 1949లో పేరు మార్చి ఓహేర్ అన్నారు, అక్షరాలు మాత్రం పాతవే ఉండిపోయాయి. మన తెలుగువాళ్ళు ఎందరో అక్కడ దిగుతారు. ఆ ఓహేర్ ఎవరని ఎందరు అడిగి ఉంటారు?

ఎడ్వర్డ్ 'బుచ్' ఓహేర్ అమెరికా నౌకాదళ పైలట్. 1942 ఫిబ్రవరి 20న లెగ్జింగ్టన్ అనే విమానవాహక నౌక మీదికి జపాను బాంబర్లు వస్తున్నాయి. అడ్డుకోగల దూరంలో ఉన్నవి రెండే యుద్ధవిమానాలు. తోటి పైలట్ తుపాకులు మొరాయించాయి. ఓహేర్ ఒక్కడే మిగిలాడు. తన వైల్డ్‌క్యాట్ విమానంలో ఉన్న తూటాలు అర నిమిషానికి కాస్త పైగా కాల్చడానికి సరిపోతాయి, అంతే. ఐదింటిని కూల్చాడని అప్పట్లో లెక్క కట్టారు. జపాను రికార్డులు కూడా చూసిన తర్వాతి పరిశోధకులు మూడే అన్నారు. ఐదైనా మూడైనా ఆ రోజు నౌకకు ఒక్క బాంబు తగల్లేదు. మరుసటి ఏడాది నవంబరు 26 రాత్రి పసిఫిక్ మీద ఎగిరి, తిరిగి రాలేదు. ఆయన వయసు 29. శరీరమూ దొరకలేదు, విమానమూ దొరకలేదు.

ఆయన తండ్రి షికాగో గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ దగ్గర లాయరుగా ఉండి, చివరికి 1939లో హత్యకు గురయ్యాడన్న కథ వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంది. ఆ హత్య నిజమే. కానీ కొడుకు సాహసాన్ని తండ్రి పాపానికి పరిహారంగా మార్చి చెప్పడం నాకు నచ్చదు. ఆ ధైర్యం పూర్తిగా ఓహేర్ సొంతం.

ఇక మా కార్యక్రమం సంగతి. వాట్‌సిమ్ అనే వేదికలో ఇంట్లో సిమ్యులేటర్ నడిపేవాళ్ళం పైలట్లం, విమానాలకు దారి, అనుమతి చెప్పే కంట్రోలర్లు కూడా మాలాంటి స్వచ్ఛంద సభ్యులే. మాటలు, నియమాలు అసలు విమానాల్లోలాగే ఉంటాయి. నేను ఆయన పుట్టిన సెయింట్ లూయిస్ నుంచి బయలుదేరాను. రద్దీ వల్ల ఓహేర్‌కు ముందే ఆగమన్నారు, గాలిలో నాలుగు చుట్లు తిరిగాను. ఇంధనం ముల్లు కిందికి జారుతుంటే అరచేతులు చెమర్చాయి. దిగమని అనుమతి ఇచ్చిన కంట్రోలర్ గొంతు చాలా చిన్నది, కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. డబ్బు తీసుకోకుండా, విసుక్కోకుండా గంటల తరబడి అందరినీ దించుతూనే ఉన్నాడు. దీన్ని వట్టి ఆట అంటే నేను ఒప్పుకోను.

నిర్వాహకులతో మాత్రం నాకు పేచీ ఉంది. ప్రకటనలో రన్‌వేల వివరాలు, రాకపోకల మార్గాలు నిండా రాశారు. ఓహేర్ గురించి ఒక్క వాక్యం. అక్కడి రెండో టెర్మినల్‌లో, మిషిగన్ సరస్సు అడుగు నుంచి వెలికితీసిన వైల్డ్‌క్యాట్ విమానం ఆయన గుర్తుగా నిలబెట్టి ఉంది. కనీసం ఆ ఫోటో అయినా పెట్టాల్సింది. పేరు వాడుకుని మనిషిని వదిలేస్తే ఎలా?

మనకూ భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు ఉంది. ఆయన చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసిన రోజు 1922 ఆగస్టు 22. ఆ తేదీన మనమూ వాట్‌సిమ్‌లో రాజమండ్రి నుంచి చిన్న విమానాల్లో మన్యం కొండల మీదుగా, చింతపల్లి కనిపించేంత కిందుగా ఎగిరి భోగాపురంలో దిగుదాం. ప్రకటన నేను రాస్తాను. సగం పేజీ సీతారామరాజు గురించే ఉంటుంది. కంట్రోలర్లుగా కూర్చునేవాళ్ళు చెప్పండి.