సీపీయూ 80 శాతం అలర్ట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అలర్ట్ గారికి,

నైట్ షిఫ్ట్ సేవకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. సర్వర్లూ క్షేమమే, మీరొక్కరే ఒప్పుకోవడం లేదు.

సర్వర్‌కు మెదడులాంటి సీపీయూ వాడకం 80 శాతం దాటితే మా ఫోన్ మోగించడమే తమరి ఉద్యోగం. తమరికి ఆ 80 అనే అంకె ఎవరు పెట్టారో ఆఫీసులో ఎవరికీ తెలీదు. ఇన్‌స్టాల్ చేసిన రోజు టెంప్లేట్‌లో ఏదుంటే దానికే సేవ్ కొట్టేశారట. రాత్రి రెండింటికి బ్యాకప్ మొదలవుతుంది. ఫైళ్లను కుదించాలి కాబట్టి సీపీయూని పూర్తిగా వాడుకుంటుంది. డబ్బులు పోసి కొన్నది అందుకేగా! 2:04కి మీరు ‘క్రిటికల్’ అని ఫోన్ మోగిస్తారు. 2:05కి ‘రికవర్డ్’. 2:06కి మళ్లీ క్రిటికల్. ఐదు నిమిషాలు వరసగా హద్దు దాటితేనే అరవమని చెప్పడానికి ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఫర్’ అని ఒక్క లైను చాలు. 80 దాటితే మోగి, 70కి దిగాకే సద్దుమణిగేలా అలాంటిదే అయిన జాబిక్స్‌లో పెట్టుకోవచ్చు. తమబోటి పెద్దలకు ఇవన్నీ నామోషీ కాబోలు.

మీ తమ్ముడు మెమరీ అలర్ట్ గారిది ఇంకో తీరు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను సర్వర్‌ను నడిపే లైనక్స్ ఫైళ్ల క్యాష్‌కి (మళ్లీ త్వరగా అందేలా దాచుకోవడానికి) వాడుకుంటుంది, ఎవరైనా అడిగితే వదిలేస్తుంది. ఈయన ‘ఫ్రీ’ గడి చూసి గుండెలు బాదుకుంటారు. 2014 నుంచి లైనక్స్ గుండెకాయ అయిన కెర్నలే లెక్కకట్టి ఇస్తున్న ‘అవైలబుల్’ (నిజంగా వాడుకోగల ర్యామ్) వైపు కన్నెత్తి చూడరు.

మొన్న శుక్రవారం నిజంగానే కొంప మునిగింది. డిస్క్‌లో సగం ఖాళీయే, ఐనోడ్‌లు (ఫైలుకొకటి చొప్పున డిస్క్‌లో ఉండే నమోదు గడులు) మాత్రం అయిపోయాయి. లాగిన్ అయినవాళ్ల గుర్తులు దాచే చిన్నచిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుపోయి, కొత్త ఫైలు పుట్టే దారి లేదు. లాగిన్ ఆగిపోయింది. పనే లేదు గనక సీపీయూ 6 శాతం. డాష్‌బోర్డు అంతా పచ్చగా, చల్లగా ఉంది. కస్టమర్లు ఫోన్ చేసి తిడితే గానీ మాకు తెలియలేదు. పాత ఫైళ్లు తుడిచేశాక, అప్పటిదాకా కాచుకున్న జనం ఒక్కసారిగా ఎగబడ్డారు, సీపీయూ 80 దాటింది. అప్పుడు మేల్కొన్నారు తమరు, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

మేనేజర్ గారి కంటపడింది అప్పుడు తమరు పంపిన మెయిల్ ఒక్కటే. సీపీయూ ఓవర్‌లోడే కారణమని రిపోర్టు వెళ్లింది. ఐనోడ్‌లకూ, పేజీ తెరుచుకునే సమయానికీ మానిటర్లు పెట్టమని నేనిచ్చిన టికెట్ (పని కోరుతూ పెట్టిన అర్జీ) ‘లో ప్రయారిటీ’లో పడుకుంది. మీ హద్దు మాత్రం సోమవారం నుంచి 75.

ప్రమోషన్‌కు శుభాకాంక్షలు.

ఇట్లు,
తమ ఫోన్ ఎత్తువాడు