పింఛను సరే, ఆట సంగతేంటి?

"గిరాకీ ఉన్న కళకు జనమే డబ్బిస్తారు, పన్నుల సొమ్మెందుకు" అనేవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మల సంగతి చూడాలి. అక్కడ గిరాకీ ఉన్నది అదే తోలుతో చేసే లాంప్‌షేడ్‌కి, బొమ్మలాటకి కాదు. మేకతోలు నానబెట్టి, బొచ్చు గీకి, ఆరబెట్టి, చిల్లులు కొట్టి రంగులద్దే పని రెండింటికీ ఒకటే. కానీ లాంప్‌షేడ్‌కి కీళ్లుండవు. బొమ్మకి భుజం, మోచేయి దారంతో కట్టాలి, బద్దకు బిగించాలి, తెర వెనక పద్యం పాడుతూ ఆడించాలి. ఈ విద్యను బజారు కొనదు.

సర్కారు సాయమేమో ఎక్కువగా పింఛనే. కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకిచ్చేది నెలకు గరిష్ఠంగా రూ.6,000. 60 ఏళ్లు నిండాలి, ఏడాది ఆదాయం రూ.72,000 దాటకూడదు. మంచిదే గానీ నేర్చుకునే కుర్రాడికి ఇందులో పైసా రాదు. అదే శాఖ గురుశిష్య గ్రాంటులో గురువుకు నెలకు రూ.15,000, శిష్యులకు వయసునుబట్టి రూ.2,000 నుంచి 10,000. నా లెక్కన పెంచాల్సింది దీన్నే. చిక్కల్లా దరఖాస్తులో: రిజిస్టరైన సంస్థ, ఆడిట్ లెక్కలు, డబ్బు దేనికి వాడారో చూపే వినియోగ పత్రాలు. ఒకే కుటుంబం నడిపే బృందానికి ఇవెక్కడివి? దళారీ సంస్థ పేరుతో వెళ్తారు, వాటా అక్కడే పోతుంది.

తెలంగాణ ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు జీతాలిచ్చింది, నిజమే. పాడించింది ఎక్కువగా ప్రభుత్వ పథకాల గురించి. దాన్ని ప్రచార ఖర్చు కింద రాసుకోవాలి.

సర్కారు బడుల్లో, జాతరల్లో ఆడించి ఆటకింత అని రేటు కట్టి, సగం ముందే ఖాతాలో వేయాలి. బండి కిరాయి, వాద్యగాళ్ల కూలి ఆట రోజునే చెల్లించాలి కదా, బిల్లు పాసయ్యేదాకా ఎవరాగుతారు?