కరటకశాస్త్రి దోషా? కన్యాశుల్కంపై వాదోపవాదం

(విజయనగరం. గురజాడ నాటకం కన్యాశుల్కం మీద మాట్లాడుకుంటున్న నాటక ప్రియులిద్దరు, లాయరుగారు, మాస్టారు.)

లాయరు: కరటకశాస్త్రిని దోషి అంటే నేనొప్పుకోనండి. బావ అగ్నిహోత్రావధాన్లు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోతున్నాడు. తోబుట్టువు వెంకమ్మ నూతిలో దూకింది. పెద్దపిల్ల బుచ్చమ్మ అప్పటికే అలా అమ్ముడుపోయి విధవై ఇంట్లో కూర్చుంది. అందుకే శిష్యుడికి ఆడవేషం వేసి ముసలాడికి అంటగట్టాడు. వేరే దారేదీ?

మాస్టారు: ఆ వేషాన్ని నేనూ తప్పనను. నా పేచీ అంతా తరవాతే. శిష్యుడు పారిపోయాడు. పెళ్ళికూతురు కనబడకపోయేసరికి లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడింది. చచ్చిందన్న పిల్ల అసలు పుట్టనే లేదని కరటకశాస్త్రికి తెలుసు. కోర్టులో ఒక్క మాట చెబితే కేసు పోతుంది. తన మెడకి చుట్టుకుంటుందని చెప్పడు.

లాయరు: కొన్నవాడు అమాయకుడా?

మాస్టారు: పిల్లని కొన్నందుకు ఖూనీ శిక్ష వెయ్యరు లాయరుగారూ.

లాయరు: మరి లోకం మాటేమిటి? ఆనంద గజపతి మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళు లెక్క కట్టిస్తే 1034 తేలాయి. 1897 ముద్రణ పీఠికలో గురజాడ రాశారు: అయిదేళ్ళ పిల్లలు 99, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు 6, ఏడాది పిల్లలు 3. దాచిపెట్టినవి ఇందులో చేరనే లేదు. ఇంతమంది తండ్రుల పాపాన్ని ఒక్కడి నెత్తిన రుద్దుతారా?

మాస్టారు: ఆ ఏడాది పిల్లల దగ్గర నాకు గొంతు పూడుకుపోతుంది. కానీ అందరిదీ అంటే ఎవడూ పూచీ పడడండి. ‘తాంబూలాలిచ్చేశాను, ఇహ తన్నుకు చావండి’ అన్న అగ్నిహోత్రావధాన్లు చేసిందదే. చేతులు దులుపుకున్నాడు. చివరికి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరకెళ్ళి నిజం చెప్పిందెవరు? వేశ్య మధురవాణి.

లాయరు: ఆ మాయపెళ్ళిలో ఆవిడకీ వాటా ఉంది.

మాస్టారు: ఉంది. ఆ వాటా తనదేనని ఒప్పుకుంది గనకనే వెళ్ళింది. అందుకే కుదించి ఆడేవాళ్ళ మీద నాకు కోపం. 1909 ప్రతి ఏడంకాలూ ఒక రాత్రిలో పట్టవు, నిజమే. కత్తెర మాత్రం ఏడో అంకంలో కరటకశాస్త్రి భయపడే ఘట్టం మీద పడుతుంది. అది పోతే మధురవాణి ఎందుకు కదిలిందో చూసేవాళ్ళకి అందదు. గిరీశం కబుర్లలో పది నిమిషాలు తియ్యొచ్చు కదా!

లాయరు: తియ్యండి. వెంకమ్మ నూతిలో దూకడం మాత్రం ఉంచాలి. అది లేకపోతే కరటకశాస్త్రిని మీరు చెప్పినట్టే చూస్తారు జనం.