గామా నైఫ్ తర్వాత ఆ మూడేళ్లు

నిద్రలో ఉన్న పసిబిడ్డ ఉన్నట్టుండి కిలకిలా నవ్వుతుంది. దేవుడు నవ్విస్తున్నాడని అమ్మమ్మ మురిసిపోతుంది. కానీ కొందరు పిల్లల్లో ఆ నవ్వు రోజుకు పదిసార్లు వస్తుంది, ముఖంలో సంతోషం మాత్రం ఉండదు. పిలిస్తే పలకరు. అది ఫిట్స్. మెదడు అడుగున, ఆకలినీ హార్మోన్లనూ అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగానికి అంటుకుని పుట్టుకతోనే ఏర్పడే హమార్టోమా అనే చిన్న గడ్డ చాలాసార్లు దీనికి మూలం. ఇది క్యాన్సర్ కాదు. రెండు లక్షల మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందని అంచనా. మాత్రలకు లొంగడం అరుదు.

గడ్డ ఉన్న చోటే అసలు చిక్కు. పక్కనే చూపు నరాలు, పిట్యూటరీ గ్రంథి, జ్ఞాపకశక్తికి కీలకమైన భాగాలు ఉంటాయి. తల తెరిచి ఆపరేషన్ చేస్తే హార్మోన్లు దెబ్బతినొచ్చు, ఆకలి అదుపు తప్పి పిల్లలు విపరీతంగా లావెక్కొచ్చు, మతిమరుపు రావచ్చు. అందుకే తల తెరవకుండా రేడియేషన్ కిరణాలతో చేసే రేడియోసర్జరీ వైపు చూస్తారు. ఆ మాటను 1951లో వాడుకలోకి తెచ్చింది స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్. ఆ చికిత్స చేసే యంత్రాల్లో ఒకటి గామా నైఫ్. పేరుకే నైఫ్, అందులో కత్తి ఉండదు. దాదాపు రెండొందల సన్నని కిరణాలు ఒకే బిందువు దగ్గర కలుస్తాయి.

‘కోత లేదు, కుట్టు లేదు, మర్నాడే ఇంటికి’ అని ప్రకటనల్లో రాస్తారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే అసలు కథ ఇంటికెళ్లాకే మొదలవుతుంది. నా అభ్యంతరం అక్కడే.

ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో జాన్ రెజీస్ బృందం ఈ చికిత్స ఫలితాలను 2017లో ప్రచురించింది. మూడేళ్లకు పైగా గమనించిన 48 మందిలో దాదాపు 40 శాతం మందికి ఇబ్బంది పెట్టే ఫిట్స్ ఆగిపోయాయి. శాశ్వతమైన నరాల లోపం ఒక్కరికీ రాలేదు. మంచి వార్తే. అదే పేపర్లో ఇంకో లెక్క ఉంది: ఎనిమిది మందికి ఫిట్స్ కొంతకాలం పెరిగాయి. 9 రోజుల నుంచి 90 రోజుల దాకా. ముగ్గురికి కొంతకాలం ఒంటి ఉష్ణోగ్రత అదుపు తప్పింది.

రేడియేషన్ పని చేయడానికి నెలలు పడుతుంది, పూర్తి ఫలితం తేలడానికి రెండు మూడేళ్లు. ఈలోగా ఫిట్స్ వస్తూనే ఉంటాయి, వాటితో వచ్చే ప్రమాదాలూ ఉంటాయి. ఫిట్స్ రోగుల్లో అరుదుగా జరిగే ఆకస్మిక మరణం ముప్పు కూడా ఈ నిరీక్షణలో తొలగిపోదు. ధమనులూ సిరలూ చిక్కుపడే ఏవీఎంకు రేడియోసర్జరీ చేసినా ఇదే తంతు. ఆ చిక్కు మూసుకుపోయే దాకా మెదడులో రక్తస్రావం భయం పోదు.

వాపు ఇంకో సమస్య. కిరణాలు తాకిన చోట నెలల తర్వాత మెదడు కణజాలం ఉబ్బొచ్చు. తలనొప్పి, వాంతులు మొదలైతే స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వస్తుంది. వాటితో పిల్లల ముఖం ఉబ్బడం, చిరాకు, ఆకలి పెరగడం మామూలే. చూపు నరానికి సుమారు 8 నుంచి 10 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలిచే యూనిట్) డోసు దాటకుండా జాగ్రత్తపడతారు. మార్సెయ్‌లో గడ్డ అంచుకు ఇచ్చింది మాత్రం మధ్యస్థ లెక్కన 17 గ్రేలు. గడ్డకూ చూపు నరానికీ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. పసివాడు కదిలితే కుదరదు కాబట్టి, తలకు నాలుగు స్క్రూలతో లోహపు ఫ్రేమ్ బిగించాలంటే పూర్తి మత్తు ఇస్తారు. ‘కోత లేదు’ అన్న ప్రకటనలో ఆ స్క్రూలు కనిపించవు.

ఇప్పుడు లేజర్ కూడా ఉంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, ఎంఆర్‌ఐలో చూస్తూ గడ్డను వేడితో కాలుస్తారు. ఫలితం త్వరగా తెలుస్తుంది, దాని రిస్కులు దానికున్నాయి. ఏది నయమో ఆ గడ్డ ఆకారం, పిల్లల వయసు చూసి తేల్చాల్సిందే.

ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మన దగ్గర ఫిట్స్ వచ్చిన పిల్లల స్కాన్లో ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తే, అది చాలాసార్లు బద్దెపురుగు తిత్తో టీబీ గడ్డో అవుతుంది. వాటికి మందులు వాడతారు, గామా నైఫ్‌తో పనిలేదు.

నిజంగా రేడియోసర్జరీ అవసరమైన బిడ్డ తల్లిదండ్రులకు సంతకం పెట్టించే కాగితంలో ‘దుష్ఫలితాలు అరుదు’ అన్న ఒక్క ముక్క చాలదు. ఫిట్స్ పెరిగితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఎంఆర్‌ఐ ఎప్పుడెప్పుడు, కంటి పరీక్ష, హార్మోన్ పరీక్షలు ఏ నెలలో అన్నది తెలుగులో రాసివ్వాలి. ఫిట్స్ మాత్రలు ఆపకూడదని పెద్దక్షరాల్లో ఉండాలి. ‘ఆపరేషన్ అయిపోయిందిగా’ అని మర్నాటి నుంచే మానేసే ఇళ్లు ఉంటాయి.