మాంచెస్టర్ సిటీ అభిమానులకు జరిగిన ఘోర అన్యాయం

అంతరించిపోతున్న పులుల గురించీ పిచ్చుకల గురించీ బెంగపడేవాళ్లు చాలామందే ఉన్నారు. ఓడిపోతూ కూడా నవ్వగలిగిన, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ సిటీ అభిమాని కోసం మాత్రం ఇంతవరకు ఒక్క సంతాప సభ జరగలేదు.

ఆ పాత అభిమాని సామాన్యుడు కాడు. 1988లో జట్టు రెండో డివిజన్‌లో కొట్టుమిట్టాడుతుంటే, గాలి నింపిన ప్లాస్టిక్ అరటిపండు చంకన పెట్టుకుని స్టేడియానికి వెళ్లేవాడు. ఎందుకయ్యా అంటే జవాబు లేదు. ఆ జట్టును పట్టుకుని వేళ్లాడటానికే కారణం లేనప్పుడు అరటిపండును అడిగి ఏం లాభం?

ఇక 1996 మే. అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో మిగలాలంటే చివరి మ్యాచ్‌లో లివర్‌పూల్‌ని ఓడించాలి. స్కోరు 2-2. డ్రా చాలనుకున్న సిటీ ఆటగాళ్లు బంతిని ఓ మూలకు తీసుకెళ్లి, తాపీగా టైమ్ వేస్ట్ చేశారు! అప్పటికే మైదానం వదిలి వచ్చేసిన సిటీ ఆటగాడు నైల్ క్విన్, గీత పక్కనే పరుగెత్తుతూ అసలు సంగతి అరిచి చెప్పాల్సి వచ్చింది. జట్టు కిందికి జారింది. రెండేళ్లకు స్టోక్ సిటీని 5-2తో చిత్తుచేసి, అదే సాయంత్రం మూడో డివిజన్‌కు పడిపోయింది. గెలిచి మునగడం అందరికీ అబ్బే విద్య కాదు. అక్కడ కూడా మెయిన్ రోడ్ స్టేడియానికి మ్యాచ్‌కు సగటున 28 వేల మంది వచ్చి, తమ జట్టు మీద తామే జోకులేసుకున్నారు.

అలాంటి ప్రజల మీద 2008లో పిడుగు పడింది. అబూధాబీకి చెందిన షేక్ మన్సూర్ క్లబ్‌ను కొనేశారు. పాపం, ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ 2012లో అగ్వెరో ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టి, 44 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. 2023లో ఒకే సీజన్‌లో మూడు కప్పులు. 2024కి వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు, ఇంగ్లండ్‌లో ఇంకెవరూ చేయని ఘనత. ఒక మనిషి ఎన్నని ఓర్చుకుంటాడు?

2010 నుంచి గోల్ పడగానే మైదానానికి వీపు తిప్పి, భుజాలు పట్టుకుని గెంతడం మొదలైంది. పోలండ్ నుంచి వచ్చిన లెక్ పోజ్నాన్ క్లబ్ అభిమానుల దగ్గర నేర్చుకున్నారట. పాత రోజుల్లో మైదానానికి వీపు తిప్పారంటే ఆట చూడలేక అని అర్థం.

2023 ఫిబ్రవరిలో ఆర్థిక నిబంధనలు ఉల్లంఘించారని ప్రీమియర్ లీగ్ నూటికి పైగా అభియోగాలు మోపింది. క్లబ్ కాదంది. వెంటనే గ్యాలరీలో బ్యానర్ లేచింది, స్ట్రైకర్‌కు కాదు, క్లబ్ తరఫు లాయర్‌కు! గోల్స్ లెక్కపెట్టే అభిమాని ఆడిట్ రిపోర్టులు చదివే స్థాయికి ఎదిగాడంటే అక్షరాస్యత ఉద్యమాలు సిగ్గుపడాలి.

2024 చలికాలంలో కాస్త ఆశ చిగురించింది. 13 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. పెద్దవాళ్ల ముఖాల్లో పాత కళ. అమీర్‌పేట హాస్టల్లో అర్ధరాత్రి మేలుకుని చూసే కొత్త అభిమానికి మాత్రం టెన్షన్‌తో అన్నం సయించలేదు. చివరికి జట్టు మూడో స్థానంతో సరిపెట్టుకుంది. మూడో డివిజన్ చూసొచ్చిన పెద్దాయన ముందు కూర్చుని, మూడో స్థానం ఎంత దారుణమో ఆ కుర్రాడే ఓపిగ్గా వివరించాలి.