రెండు ఎంపీ సీట్ల రాష్ట్రమనేనా ఈ నిర్లక్ష్యం?

మణిపూర్ సద్దుమణిగిందని మీ వ్యాసంలో రాశారు, చదివి బాధేసింది. రాజధాని ఇంఫాల్ నుంచి కుకీలు ఎక్కువగా ఉండే చురాచాంద్‌పూర్ 60 కిలోమీటర్లే. కానీ మధ్యలో బలగాలు కాపలా కాసే బఫర్ జోన్ వచ్చిపడింది, ఇటు ఇంఫాల్ లోయలోని మైతేయి తెగవాళ్లు అటు పోలేరు, అటు కొండల్లోని కుకీ తెగవాళ్లు ఇటు రాలేరు. దగ్గర్లోనే ఇంఫాల్ ఎయిర్‌పోర్టు ఉన్నా, కుకీలు విమానం ఎక్కాలంటే గంటల తరబడి కొండదారుల్లో పడి మిజోరంలోని ఐజ్వాల్ దాకా పోవాల్సి వచ్చింది. దీన్ని సద్దుమణగడం అంటారా అండీ?

ఈ రెండు వర్గాల మధ్య గొడవలు మొదలైంది 2023 మే 3న. వెంటనే ఇంటర్నెట్ కట్ చేశారు. ఆ మర్నాడే మహిళలను వివస్త్రలను చేసి ఊరేగిస్తే ఆ వీడియో జులై 19న బయటపడింది, ప్రధాని దాని గురించి నోరు విప్పింది జులై 20న, అంటే 78 రోజులకు. ఆయన అక్కడికి వెళ్లింది 2025 సెప్టెంబరులో. అప్పటికి 250 మందికి పైగా చనిపోయారు, దాదాపు 60 వేల మంది ఇళ్లు వదిలి పోయారు.

మీడియాదీ అదే తీరు. ఆ మే, జూన్ నెలల్లో రాత్రి తొమ్మిదింటి చర్చల కోసం నేను చానెళ్లు మార్చి మార్చి చూసేవాణ్ణి, మణిపూర్ మాత్రం తెర కింద స్క్రోలింగ్‌లో ఒక లైనుగా పోయేది. వీడియో వచ్చాక నాలుగు రోజులు హడావుడి, అంతే. చనిపోయినవాళ్లు ఇరువైపులా ఉన్నారు, ఇద్దరి గోడూ వినేవాళ్లు లేరు.

తర్వాతిసారి రాసేముందు దయచేసి ఒక సహాయ శిబిరానికి వెళ్లి రండి. అక్కడే పుట్టి నడక నేర్చుకున్న పిల్లలున్నారు, వాళ్ల సొంతూరు వాళ్లింకా చూడలేదు.