జీతమే లేనివాళ్ళకు సౌకర్యాలెందుకండీ?

మంచాన పడ్డవాళ్ళను ఇంట్లో చూసుకునేవాళ్ళకు సాయం చేయాలంటూ కొందరు పనిగట్టుకుని గోల చేస్తున్నారు. జీతం పెంచమని అడగడానికి ముందు జీతమంటూ ఉండాలి. సెలవులు పెంచమనడానికి ముందు సెలవుండాలి. సున్నాను ఎన్నింతలు చేసినా సున్నాయే కదా, ఇందులో ప్రభుత్వాలు చేయగలిగేదేముంది?

పైగా వ్యవస్థ బ్రహ్మాండంగా నడుస్తోంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం ఇంటిచాకిరీ, మనుషుల్ని చూసుకోవడం కలిపి ప్రపంచమంతటా రోజుకు 1640 కోట్ల గంటల పని పైసా ఖర్చు లేకుండా జరిగిపోతోంది. 200 కోట్ల మంది రోజుకు 8 గంటలు ఊరికే పనిచేసినట్టన్నమాట. అందులో 76.2 శాతం ఆడవాళ్ళదే. కాబట్టి ఇక్కడినుంచి "ఆవిడ" అంటే సరిపోతుంది.

శిక్షణ లేదంటారు. అదీ అబద్ధమే. డిశ్చార్జి రోజున అన్నీ చెబుతారు. ముక్కు గొట్టంలో ఆహారం పోసేముందు గొట్టం మీది గుర్తు ముక్కు దగ్గరే ఉందో జారిందో చూడాలి. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. పోశాక కూడా అరగంట నుంచి గంట దించకూడదు, దించితే వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివర్లో నీళ్ళు పోయకపోతే గొట్టం పూడుకుపోతుంది. యూరిన్ బ్యాగు పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, పూర్తిగా నిండకముందే వంపేయాలి. ఇదంతా చక్రాల కుర్చీ గదిలోంచి లిఫ్టు దాకా వెళ్ళేలోపు ముగుస్తుంది. దీనికే నర్సులు ఏళ్ళ తరబడి చదువుతారంటే వాళ్ళెంత మందకొడివాళ్ళో మీరే ఊహించుకోండి.

ఇక చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో అందరికీ నచ్చే వాక్యం ఒకటుంటుంది: "రెండు గంటలకోసారి పక్క మార్చండి." రోజుకు 12 సార్లు. రాత్రి 10, 12, 2, 4, మళ్ళీ పొద్దున 6. మధ్యలో నాలుగు విరామాలు, ఒక్కోటి రెండు గంటలు, మొత్తం 8 గంటల నిద్ర. డాక్టర్లు పడుకోమనేది కూడా అంతసేపే. నిద్ర చాలడం లేదని ఆవిడ అంటే లెక్క చూపించండి.

పక్క మార్చడమంటే చేయి పట్టి లాగడం కాదు. లాగితే చర్మం పరుపును అంటిపెట్టుకుని ఉండిపోతుంది, లోపల ఎముక మాత్రం జరుగుతుంది. మధ్యలో రక్తనాళాలు నలిగి పుండు లోపలినుంచే మొదలవుతుంది, పైకి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. భుజాల నుంచి తొడల దాకా అడ్డంగా ఒక దుప్పటి మడిచి వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని లేపినట్టుగా జరపాలి. పూర్తిగా పక్కకు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది. అందుకని 30 డిగ్రీలు మాత్రం వాల్చి, వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మరొకటి పెట్టాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే సరే, తెల్లబడనే లేదంటే పుండు మొదలైనట్టే. ఒళ్ళు నలుపైతే ఎరుపు తెలియదు, వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూసుకోవాలి. డైపరు తడిసుంటే అదీ మార్చాలి. ఇదంతా మసక వెలుతురులో, సగం నిద్రలో. ఆ రెండో మనిషి ఎక్కడినుంచి వస్తారో మాత్రం కాగితంలో ఉండదు. చోటు చాల్లేదేమో.

ఆస్పత్రి సిబ్బంది రోగిని చేతులతో ఎత్తాల్సొస్తే 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు దాటకూడదని, దాటితే యంత్రం వాడాలని అమెరికా వృత్తి భద్రతా నిపుణులు హద్దు పెట్టారు. ఆవిడ సిబ్బంది కాదు. కాబట్టి ఆవిడ నడుముకు ఆ హద్దు వర్తించదు.

ఆవిడ బాగోగులు ఎవరూ అడగరనడం కూడా అన్యాయం. సంరక్షకుల భారం కొలవడానికి జారిట్ ప్రశ్నావళి ఉంది. 22 ప్రశ్నలు, గరిష్ఠంగా 88 మార్కులు. నింపాక ఎన్నొచ్చాయో చూసి, "చాలా ఎక్కువే ఉందమ్మా, కాస్త విశ్రాంతి తీసుకో" అని ఇంటికి పంపిస్తారు.

గోల చేసేవాళ్ళ కోరికలు వింటే కళ్ళు తిరుగుతాయి. డిశ్చార్జికి ముందే రెండు మూడు రోజులు గొట్టం, పక్క మార్చడం ఆవిడ చేతే చేయించి చూడాలట. ఎత్తు మార్చుకునే మంచం, గాలి పరుపు, రోగిని జరిపే జారుడు షీటు అద్దెకిప్పించాలట. ఉద్యోగం మానేసిన ఏళ్ళు పింఛను లెక్కలో కలపాలట. జర్మనీ 1995 నుంచి సంరక్షణ బీమా డబ్బుతో, కొన్ని షరతుల మీద, ఇలాంటివాళ్ళ పింఛను చందా కడుతోందని ఉదాహరణ కూడా చూపిస్తారు. ఆ దేశం ఇంకా దివాలా తీయకపోవడం కేవలం అదృష్టం.

అన్నిటికంటే విడ్డూరమైంది చివరి కోరిక. వారానికి రెండు రాత్రులు వేరేవాళ్ళు వచ్చి పక్క మారిస్తే ఆవిడ పడుకుంటుందట. వచ్చేవాళ్ళు ఊరికే రారు, జీతం అడుగుతారు. అన్నేళ్ళుగా అదే పని చేస్తున్న ఆవిడకు ఇవ్వనిది, రెండు రాత్రులు చేసే పరాయివాళ్ళకు ఎందుకివ్వాలో నా బుర్రకు తట్టడం లేదు.